దానియేలు బదులు సుక్రా

1927 చలికాలం. అరకు లోయలో మిషన్ వాళ్ళ టీచర్ ట్రైనింగ్ స్కూల్లో నేను డ్రిల్లు మాస్టర్ని. మద్రాసులో నేర్చుకొచ్చిన బాస్కెట్‌బాల్ అక్కడ మొదలుపెట్టాను. ఊరి కమ్మరి కొట్టిచ్చిన రెండు ఇనుప రింగులు, చదును చేసిన ఎర్రమట్టి నేల, అదే మా కోర్టు. ఆడేవాళ్ళు చిన్నపిల్లలు కారు, పెళ్ళాం బిడ్డలున్న ట్రైనింగ్ విద్యార్థులు.

జట్టుకి ఐదుగురు. అందులో ఇద్దరు గార్డులు, అంటే వెనకనుంచి ఆట నడిపేవాళ్ళు. మా దానియేలు బంతి పట్టి, ఎవరికి ఎప్పుడివ్వాలో చూసి ఇచ్చేవాడు. అలాంటివాణ్ణి ఇప్పుడు ప్లేమేకర్ అంటున్నారు. రెండో గార్డు సుక్రా, డుంబ్రిగుడ పక్క కొండమీదివాడు. బంతి దొరికితే వాడికి రింగు తప్ప మరొకటి కనబడదు. గురి తప్పేవాడూ కాదు, అందుకే మందలించడానికి నాకు నోరు రాలేదు.

దిగువనుంచి ఒక స్కూలు జట్టు మాతో ఆడటానికి ఘాటీ ఎక్కి వస్తోందనగా దానియేలుకి మన్యం జ్వరం, అదే మలేరియా, పట్టుకుంది. కాంపౌండరు అతని పొట్ట నొక్కి చూసి, "బల్ల, అదే ప్లీహం, పెరిగింది. ఆటలో అక్కడ మోచెయ్యి తగిలిందంటే మనిషి దక్కడు" అన్నాడు.

దానియేలు వింటేనా? "నాను కూకుంటే మనోళ్ళకి బంతెవుడిత్తాడు మేస్టారూ?" అన్నాడు.

ఇచ్చేవాడు ఇంకొకడున్నాడని చూపిస్తే తప్ప అతను కూర్చోడు. అందుకని వారం రోజులు సుక్రాని పట్టుకుని, "రింగు వంక చూడకు, ఇచ్చెయ్యి, అంతే" అని నూరిపోశాను. పాపం, బుద్ధిగా నేర్చుకున్నాడు.

ఆటలో మొదటి సగానికే మా పని అయిపోయింది. సుక్రా గోలు వెయ్యడని అవతలివాళ్ళు ఇట్టే కనిపెట్టేశారు. వాణ్ణి వదిలేసి, మిగతా నలుగురి మీదా ఐదుగురూ పడ్డారు. వాడిచ్చిన బంతులన్నీ వాళ్ళ చేతుల్లోకే పోయాయి. విరామంలో, దుప్పటి కప్పుకుని కూర్చున్న దానియేలు వణుకుతూ లేచి, "నన్ను దింపండి మేస్టారూ" అన్నాడు. సరే అనడానికి నోరు తెరిచాను.

ఈలోగా సుక్రా అడ్డుపడ్డాడు. "మా ఇటుకల పండక్కి ఊరంతా ఏటకెల్తే నాను విల్లు ఎక్కుపెట్టి నిలబడతాను. జంతువు నన్ను సూసి బెదిరి పక్కోడి దగ్గిరికి పోతాది. మీరు విల్లు దించీమన్నారు. ఇంక నన్నెవుడు సూత్తాడు?"

"అయితే ఏటి సేత్తావు?" దానియేలు అడిగాడు.

"ముందు రెండు గోల్లేత్తాను. ఆళ్ళు నా మీదికొత్తారు. అప్పుడిత్తాను."

నాకు సిగ్గేసింది. వెయ్యమన్నాను. రెండూ వేశాడు. మూడోసారి చేతులెత్తేసరికి ముగ్గురు వాడి మీదికి ఉరికారు. బంతి వాళ్ళ చంకల కిందనుంచి, రింగు దగ్గర ఒంటరిగా ఉన్న మావాడికి చేరింది. దానియేలు అది చూసి, కూర్చుని దుప్పటి కప్పుకున్నాడు.

ఒక్క గోలు తేడాతో ఓడాం. ఆ మాట చెబుదామని వెళ్తే దానియేలు కోర్టు పక్క గోడకి జారబడి నిద్రపోతున్నాడు. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ కంటినిండా పడుకోలేదని అతని భార్య చెప్పింది.

ఒకరి చోట ఇంకొకర్ని పెట్టినప్పుడు కొత్త పని నేర్పాలి గాని, వచ్చిన పని మరిచిపొమ్మనకూడదని నాకు నేర్పింది సుక్రా. దానియేలు కోలుకుని, ముంచింగిపుట్టులో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాడు. కలిసినప్పుడల్లా, "ఆయేళ మీరు నన్ను కూకోబెట్టీబట్టి బతికాను" అనేవాడు. నేను సరే అనబోయానని మాత్రం ఎన్నడూ చెప్పలేకపోయాను.