కాళ్ళు చూడప్పా!

ఆవిడ పేరు నేను అడగలేదు. బెళ్ళందూరు నుంచి వస్తుంటే బెంగళూరు సిటీ బస్సులో నా పక్కన కూర్చుంది. ఒళ్ళో, మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా. అందులో రెండు కప్పలు. కాలేజీలో పిల్లలకు చూపించడానికట. ఒకే రంగు, ఒకే సైజు, నన్ను చూసిన చూపు కూడా ఒకటే.

"రెండూ ఒకటే జాతి కదమ్మా?" అన్నాను.

"అందరూ మొగం చూసి అట్లే అంటారు. కాళ్ళు చూడప్పా," అని డబ్బా పైకెత్తింది. ఒకదానికి వేళ్ళ మధ్య తోలు కొసదాకా ఉంది, రెండోదానికి సగం దాకానే. "దగ్గర చుట్టాలే. అయినా ఇది వేరే, అది వేరే."

చెబుతూ చెబుతూ నా చెప్పుల వైపు చూసింది. నా ఎడమకాలి రెండు వేళ్ళు పుట్టుకతోనే సగం దాకా అతుక్కుని ఉంటాయి. సిగ్గేసి కాలు సీటు కిందికి లాక్కున్నాను.

"నిన్న ఈడ కూచోనుండింది నువ్వు కాదప్పా. అచ్చం నీ మాదిరే ఉండాడు గానీ, ఆయప్ప వేళ్ళు విడివిడిగా ఉండాయి," అంది.

ఆయప్ప నా కవల తమ్ముడు. వాడికి పడాల్సిన తిట్లు ముప్పై ఏళ్ళుగా నేను తింటున్నాను. మా అమ్మ కూడా మొగం చూసే పిలుస్తుంది మరి.

కాటన్‌పేటలో ఇంటి గడప దాటగానే అమ్మ వాడి పేరు పెట్టి, "గ్యాస్ బుక్ చేయమంటే మర్చిపోయినావా?" అని అందుకుంది.

చెప్పులు విడిచి, ఎడమకాలు ముందుకు చాపాను.

అమ్మ కిందికి చూసింది. "ముందు ఆ కాళ్ళు కడుక్కోని రాపో," అంది.