కొవ్వొత్తి పక్కన మాత్రల డబ్బా

2018లో నేను డాలస్ పక్కన ఒక చిన్న క్లినిక్‌లో నర్సుని. మా వెయిటింగ్ రూమ్‌లో ఇంగ్లిష్ కన్నా స్పానిష్ ఎక్కువ వినపడేది. కిర్రుమనే ఫ్యాను, మూలనుంచి కాఫీ వాసన, నా వచ్చీరాని స్పానిష్‌కి నవ్వుకునే పెద్దవాళ్లు. ఇప్పుడు పనిచేసే హాస్పిటల్‌లో అన్నీ తళతళలాడుతుంటాయి గానీ నాకు బెంగంతా ఆ గది మీదే.

ఆ ఏడు బీపీ ఉన్న హిస్పానిక్, అంటే స్పానిష్ మాట్లాడే కుటుంబాల పేషెంట్ల కోసం పాజిటివ్ సైకాలజీ గ్రూప్ ఒకటి పెట్టాం. అంటే మందులు మానేసి నవ్వుకుంటూ కూర్చోమని కాదు. రోజులో జరిగిన మంచిని గమనించడం అలవాటైతే మనసు కుదుటపడుతుంది, నడకా మాత్రలూ గాడిలో పడతాయి, గుండెకి మేలు జరుగుతుందని ఆశ. అందరికీ గ్రాటిట్యూడ్ జర్నల్ ఇచ్చాను. రోజూ మూడు మంచి విషయాలు రాసుకునే నోట్‌బుక్ అన్నమాట.

ఆ గ్రూప్‌లో కాన్సువేలో గారు ఒకరు. అరవై దాటాయి, స్కూలు వంటగదిలో పని, భర్త పోయి మూడేళ్లు. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, ఆవిడ గుండె గోడ మందమైందని తేలింది. "బీపీ ఇలాగే ఉంటే ఈవిడ గుండె అలిసిపోతుంది" అని డాక్టర్ నాకు గట్టిగా చెప్పారు. ఆవిడేమో సాయంత్రం మాత్ర మర్చిపోయేది. నాలుగో వారం చూస్తే బీపీ పై అంకె నూట డెబ్బై రెండు, నోట్‌బుక్ ఖాళీ.

నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో అందరూ నా నోటికి జడుస్తారు. ఆ నోరే ఆవిడ మీదా పారేసుకున్నాను.

"నాలుగు వారాల్లో ఒక్క మంచి విషయం కూడా దొరకలేదా మీకు?"

"దొరక్కేం? మనవడికి మొదటి అడుగులు పడ్డాయి," అంది ఆవిడ నెమ్మదిగా. "అది రాసి సంచీలో వేసుకు తిరిగితే నలుగురి కళ్లూ పడవూ?"

వాళ్ల భాషలో దానికి వేరే పేరుంది గానీ, అది మన దిష్టే. నా కూతురికి పసితనంలో అరికాలికి కాటుక చుక్క పెట్టినదాన్ని నేను. మా అమ్మ ఏనాడూ "బాగున్నాం" అని ఒప్పుకోలేదు, "ఏదోలే, నడుస్తోంది" అనేది. అలాంటి ఇంట్లో పెరిగి, ట్రైనింగ్‌లో చెప్పారు కదా అని ఈవిడ చేత సంతోషాలు రాయించబోయాను. సిగ్గేసింది.

కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగాను. "మరి మంచి మాట ఎవరికీ చెప్పుకోరా?"

"మా ఆయన రామిరోకి చెప్తాను. రోజూ పొద్దుగూకాక ఫోటో ముందు కొవ్వొత్తి వెలిగించి, జరిగిందంతా చెప్తాను. పోయినవాళ్ల కన్ను తగలదమ్మా."

"ఒక్కరోజు కూడా మర్చిపోరా?"

"ఎలా మర్చిపోతాను? ఎదురుచూస్తుంటాడు కదా."

నోట్‌బుక్ వెనక్కి తీసేసుకున్నాను. రోజుకో గడి చొప్పున వారం మాత్రలు సర్దుకునే పిల్ బాక్స్ ఆవిడ చేతిలో పెట్టాను. "దీన్ని కొవ్వొత్తి పక్కనే ఉంచండి. ఆయనకి మూడు మంచి విషయాలు చెప్పి, ఆయన చూస్తుండగా మాత్ర వేసుకోండి" అన్నాను.

ఆవిడ ఆ డబ్బా గడి ఒకటి తెరిచి మూసింది. "బతికున్నప్పుడు నా మందుల సంగతి ఆయనే చూసేవాడు" అంటూ కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి.

తర్వాత వారాల్లో బీపీ మెల్లగా దిగుతూ వచ్చింది. అది మాత్ర వల్లో, ఆ కబుర్ల వల్లో విడదీసి చెప్పలేను. గ్రూప్ ఆఖరి రోజు నూట ముప్పై నాలుగు. నమ్మలేక రెండోసారి కొలిచాను, అంతే ఉంది. చేతికి కట్టిన పట్టీ విప్పుతూ, "నిన్న ఆయనకి ఏం చెప్పారేంటి?" అని అడిగాను.

"మనవడు మొదటిసారి నన్ను పిలిచాడని చెప్పాను. మొక్కజొన్న పిండితో చేసిన టమాలెలు బాగా కుదిరాయని చెప్పాను." చిన్నగా నవ్వింది. "నర్సు తిట్టడం మానేసిందని చెప్పాను."

ఆ ఖాళీ నోట్‌బుక్ ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది. కొత్తగా చేరిన నర్సులకి తీసి చూపిస్తుంటాను. పేషెంట్ చేతికి ఏదైనా ఇచ్చేముందు, మంచి మాట ఇంట్లో ఎవరితో చెప్పుకుంటారో అడగమంటాను.