నాలుగోవాడు పైకొచ్చేదాకా

ఆ రోజుల్లో, అంటే 2005 మే నెలలో, యాభై రెండేళ్లకే నన్ను నేను ముసలిదాన్నని అనుకునేదాన్ని. గోదావరిఖనిలో బడిపిల్లలకు లెక్కలు చెబుతూ, లెక్క తప్పదని తెచ్చుకున్న పేరును (మా ఆయన మాటల్లో) పట్టుచీరలా బీరువాలో కాపాడుకునేదాన్ని. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు తీసిన ఫొటో ఒకటి అంతకుముందు పేపర్లో వచ్చింది. గురుగ్రహం ముఖం మీద ఒకేసారి ముగ్గురు చంద్రుల నీడలు. అది చూసిన దగ్గర్నుంచీ నాకు కాలు నిలవలేదు. సెలవుల్లో బడి టెలిస్కోపును ఇంటికి తెచ్చి, క్వార్టర్ల వరస మొత్తానికీ చాటాను: "శనివారం పొద్దుగూకినంక రాండ్రి. గురుని పక్కన నలుగురు చంద్రులను చూపిస్త."

అందరికంటే ముందు వచ్చింది పక్కింటి ల్యాంప్ రూం కాక. బొగ్గు బాయిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలిచ్చి, షిఫ్టు అయ్యాక తిరిగి లెక్కపెట్టుకోవడం ఆయన పని. ఒక్క దీపం తగ్గినా, ఆ మనిషి పైకొచ్చేదాకా ఇంటికి పోడు. ఆయన కన్ను పెట్టి చాలాసేపు చూసి, "టీచరమ్మా, మూడే ఉన్నయి" అన్నాడు.

నేనూ చూశాను. మూడే. అద్దం తుడిచాను, బొగ్గు ధూళిని తిట్టాను, స్టాండును వాకిలంతా తిప్పించాను. "నాలుగోడు డ్యూటీకి నాగా పెట్టినట్టున్నడు" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు, కాక తప్ప. లోపలికి పోయి ఆ ఫొటో తీసి చూస్తే నీడలతో పాటు గురుని ముఖం మీదే చంద్రులూ ఉన్నారు; అప్పుడు తట్టింది. గురుని ముందు నుంచి పోయే చంద్రుడు ఆ వెలుగులో కలిసిపోతాడు; గాలికి పైనున్న టెలిస్కోపుకు దొరికినట్టు మా బడి టెలిస్కోపుకు దొరకడు. "అడ్డంగ పోతాండు కాకా. అవుతలి దిక్కు తేల్తడు" అన్నాను. (తేలకపోతే ఆ వరసలో నేను తలెత్తుకు తిరిగేది లేదు.)

మిగతావాళ్లు అన్నాలకు పోయారు. కాక మా మెట్టు మీద కూర్చున్నాడు. గోడ అవతల నుంచి ఆయన భార్య, "బువ్వ సల్లారుతాంది. ఆ సంద్రుడు నీకేమైతడు?" అంది.

"ఏం గాడు. ముగ్గురు అగుపడి ఒక్కడు అగుపడకుంటే ఎట్ల వస్తనే?"

నేనూ కూర్చోలేకపోయాను. గేటుదాకా పోవడం, వచ్చి కన్ను పెట్టడం, మళ్లీ పోవడం. చివరికి గురుని అంచున ఒక మెరుపు చుక్క మొలిచి, మెల్లగా విడివడింది. కాకను పిలిచాను.

"వచ్చిండు" అన్నాడాయన, తువ్వాల దులుపుకుంటూ. "నలుగురు పైకి ముట్టిన్రు. ఇగ పోత."

గురుగ్రహానికి అప్పటికే అరవైకి పైగా చంద్రులు లెక్కకొచ్చారని ఆయనకు చెప్పలేదు. చెబితే ఆ ఇంట్లో అన్నం ఎప్పటికీ చల్లారుతూనే ఉండేది. ఇప్పుడు కొత్త టెలిస్కోపులు తీసిన గురుని ఫొటోలు మనవరాలి ఫోన్లోనే వస్తున్నాయి. చూడగానే ముందు నలుగురినీ లెక్కపెడతాను. ఒకడు తగ్గితే, యాభై రెండేళ్ల ఆ పిల్ల లేచి మళ్లీ గేటుదాకా పోయి వస్తుంది.