అరచేతిలో పట్టే బొమ్మ

మా ఆయన్ని అందరూ చుక్కలాయన అనేవారు. చిత్రకారులు గీసిన బొమ్మల్ని నూలు కాగితం మీద సిరా యంత్రంతో అచ్చు వేయడం ఆయన పని. వాన చినుకును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఎంతో, ఆ సిరా చుక్క అంతేనట. ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, ఆయన చెబితే తల ఊపేదాన్ని.

రోజూ పొద్దున్నే యంత్రం చేత సన్నటి గీతల కాగితం ఒకటి వేయించేవారు. ఏ గీత తెగినా సిరా రంధ్రం ఎక్కడో పూడినట్టే. గుండ్రటి భూతద్దం కాగితం మీద ఆనించి, దానికి కన్ను ఆనించి చూసేవారు. ముప్ఫై ఏళ్లు అలా చూసేసరికి కుడికన్ను కింద నెలవంకలా ఒక గాడి పడిపోయింది. ఇంట్లో కూడా ఆ అద్దం వదిలేవారు కాదు. నేను కూర తరుగుతుంటే నా వేలు పట్టుకుని చూసి, "అన్ని గీతలూ బాగున్నాయి, ఒక్కటీ తెగలేదు" అనేవారు.

"ముందు చెయ్యి వదలండి, అక్కడ నూనె మాడుతోంది" అని విసుక్కునేదాన్ని.

మొన్న వానల్లో గుండె ఆగి పోయారు.

గోడకు పెట్టుకుందామంటే ఆయన బొమ్మ ఒక్కటీ సరైనది లేదు. ఎవరో చిత్రకారుడు అచ్చు దుకాణంలో ఫోన్‌తో తీసిన ఫోటోలో, అందరి వెనకా నవ్వుతూ నిలబడ్డారు. అదొక్కటే. గదిలో ఏ మూల నుంచి చూసినా ఆయన కనిపించాలని నా ఆశ. గోడకు పెద్ద మేకు కొట్టించి, ఆయన దగ్గరే పని నేర్చుకున్న మా మరిదికి ఆ ఫోటో ఇచ్చాను.

"వదినా, ఇందులో అన్నయ్య ముఖం నాలుగొందల చుక్కల వెడల్పే. అచ్చుకి అంగుళానికి మూడొందలు కావాలి."

"మీ యంత్రం చుక్క అంత చిన్నది కదయ్యా, సరిపోదూ?"

"సిరా చుక్క వేరు, ఫోటోలో చుక్క వేరు. ఫోటోలో లేనిదాన్ని సిరా ఎక్కణ్నుంచి తెస్తుంది?" అన్నాడు. నా ముఖం చూసి కాదనలేకపోయాడు. "సరేలే, కంప్యూటర్ చేత మధ్యలో చుక్కలు నింపిస్తా."

నాలుగు రోజులకి చుట్ట చుట్టి తెచ్చి, మంచం మీద పరిచాడు. మనిషి నిండుగా, నున్నగా నవ్వుతున్నారు. నా చెయ్యి దానంతటదే కుడికన్ను కిందికి పోయింది. గాడి లేదు.

"ఇక్కడి గాడి ఏదయ్యా?"

"మరకనుకుని కంప్యూటర్ చదును చేసేసినట్టుంది."

"పెళ్ళినాడు కూడా ఇంత నున్నగా లేరు మీ అన్నయ్య."

ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు. "అన్నయ్య ఉంటే నా చెవి మెలేసేవాడు వదినా. లేని చుక్కని పుట్టించకురా, అది అబద్ధపు అచ్చు అనేవాడు."

"మరి ఉన్న చుక్కలతో ఎంత వస్తుంది?"

"ముఖం అంగుళమున్నర కూడా రాదు. గోడ మీద కంటికి ఆనదు."

"అంతే వెయ్యి నాయనా."

మర్నాడు తెచ్చిచ్చాడు. అరచేతిలో ఒదిగింది. ఆయన అద్దం దాని మీద పెట్టి, కన్ను ఆనించాను. గాడి ఉంది. ఇంకా గట్టిగా చూస్తే ముఖం లేదు, అన్నీ చుక్కలే.

"కనిపిస్తున్నాడా వదినా?"

"కొంచెం దూరంగా పెట్టుకుంటే కనిపిస్తున్నారయ్యా."

ఆ బొమ్మ ఇప్పుడు ఆయన భూతద్దం దాచే డబ్బాలోనే ఉంటుంది. గోడకు మేకు అలాగే ఉంది. తీయించలేదు.