చూపున్నవాళ్ల కోసం చేసిన రేడియో

ఈమధ్య నా పుట్టినరోజని మా కొడుకు మంచిర్యాల నుంచి కొత్త డిజిటల్ రేడియో తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నీటికాసుల జబ్బుతో చూపు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఇప్పుడు కిటికీ ఎటుందో తెలిసేంత వెలుతురు మాత్రమే నాకు మిగిలింది కాబట్టి, ఏ వస్తువు తెచ్చినా ముందు చేతులతోనే చూస్తాను. దీన్నీ అట్లాగే తడిమాను. ముందు నున్నటి అద్దం, వెనక నున్నటి ప్లాస్టిక్కు. తిప్పడానికి ఒక నాబ్ లేదు, నొక్కడానికి ఉబ్బెత్తుగా ఒక బటన్ లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో వేలికి చెప్పే గీత ఒక్కటి కూడా లేదు. వెతుకుతుంటే వేలు ఎక్కడో తగిలినట్టుంది, కుయ్‌మని ఒక చప్పుడు వచ్చి, వాడు దుకాణంలోనే పెట్టించుకొచ్చిన స్టేషన్లన్నీ చెరిగిపోయాయి.

"ముట్టకే అమ్మా, నేను పెడుత," అన్నాడు వాడు. ప్రేమగానే అన్నాడు. కానీ నా రేడియోను నేనే ముట్టుకోకూడని రోజు వచ్చిందా అని నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంత చిన్నదానికి అంత కోపమా అని చదివేవాళ్లకు అనిపించవచ్చు. మేం బాపు అని పిలిచే మా నాన్న సంగతి తెలిస్తే అనిపించదు.

బాపు మందమర్రిలో బొగ్గుగని కార్మికుడు. నేను హైస్కూలులో ఉన్న రోజుల్లో, బొగ్గు పగలగొట్టడానికి పెట్టిన మందు ఆలస్యంగా పేలి ఆయన రెండు కళ్లూ పోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు, అవ్వ, అంటే మా అమ్మ, ముద్ద కలిపి చేతికిస్తే తినేవాడు, లేకుంటే లేదు, గని సైరన్ కూసినప్పుడు మాత్రం ఉలిక్కిపడి లేచి కూర్చుని, తన షిఫ్టు కాదని గుర్తొచ్చాక మళ్లీ పడుకునేవాడు. చూడటానికి వచ్చినవాళ్లు ఆయన ఎదురుగానే కూర్చుని, అన్న తింటుండా, అన్నకు నిద్ర వడుతుందా అని అవ్వను అడిగేవాళ్లు. కళ్లతో పాటు చెవులూ నోరూ కూడా పోయాయని అనుకున్నారేమో! ఆ తర్వాత చాలా ఏళ్లు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన నాకు, చూపు లేని రోగిని పక్కన పెట్టి వెంట వచ్చినవాళ్లతో మాట్లాడే డాక్టర్లను చూసినప్పుడల్లా, ఆ గదిలో గోడవైపు తిరిగిన బాపు వీపే గుర్తొచ్చేది.

తోటి కార్మికులు తలా కొంత వేసుకుని ఆయనకొక ట్రాన్సిస్టర్ తెచ్చిచ్చారు. నా ఈడు వాళ్లకు అది ఎట్లా ఉండేదో చెప్పక్కర్లేదు, తోలు కవరు, ముందువైపు చిల్లులు, మీదికి సాగే కడ్డీ, రెండు నాబులు. ఒక నాబ్ తిప్పితే టిక్కుమని రేడియో మొదలయ్యేది, ఇంకా తిప్పితే చప్పుడు పెరిగేది, రెండోది తిప్పితే స్టేషన్లు మారేవి. అంతే. మొదట్లో బాపు దాన్ని పట్టించుకోలేదు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి గడపలో నిలబడ్డ అవ్వ నన్ను చూసి మాట్లాడకని సైగ చేసింది. లోపల బాపు రేడియోకు చెవి ఆనించి, నాబ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లమెల్లగా తిప్పుతున్నాడు. గరగర మధ్యలోంచి ఎవరిదో గొంతు తేలగానే ఆగుతున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు. సాయంత్రానికల్లా కూరగాయల చాకుతో నాబ్ అంచుమీద చిన్న గాటు పెట్టుకున్నాడు. ఆ గాటు పైకి వస్తే హైదరాబాద్ స్టేషన్, ఇంకాస్త కిందికి జరిగితే పాటలు.

అప్పటి నుంచి ఆయన వార్తలు వదిలింది లేదు. షిఫ్టు దిగిన మనుషులు మసి మొహాలతోనే మా క్వార్టర్ ముందు ఆగి, ఏం జెప్పిన్రు అన్నా వార్తలల్ల అని ఇప్పుడు నేరుగా ఆయన్నే అడిగేవాళ్లు, ఆయన జీతాల ఒప్పందం సంగతీ, ఢిల్లీ సంగతులూ, తన వ్యాఖ్యానం కలిపి మరీ చెప్పేవాడు.

ఒక ఆదివారం మేము చర్చిలో ప్రార్థన నుంచి వచ్చాక మా చిన్నాయన ఇంటికి వచ్చాడు. బాపు వార్తలు వింటుంటే, అడగనైనా అడగకుండా చెయ్యి చాపి, నాబ్ తిప్పి సినిమా పాటలు పెట్టాడు. బాపు తడుముకోలేదు. సూటిగా చెయ్యి చాచి తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి. నా కండ్లు పోయినయి గని నా ఇంట్ల నా పెత్తనం పోలే."

"ఏందన్నా, జర పాటలు ఇందామని..." అని చిన్నాయన నసిగాడు.

"ఇనాలంటే నన్నడుగు. నేనిక్కడనే ఉన్న."

వంటింట్లోంచి అవ్వ పిండి చేతులతోనే బయటికి వచ్చి నిలబడింది. ప్రమాదం జరిగాక ఆ గద్దింపు గొంతు మేము వినడం అదే మొదలు. ఆ మరునాడు బాపు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నల్లా దాకా నడిచి వెళ్లి మొహం కడుక్కున్నాడు. అదంతా రేడియో మహిమే అని నేననను. కానీ ఆ ఇంట్లో ఎవరినీ బతిమాలకుండా ఆయన చెయ్యగలిగిన మొట్టమొదటి పని ఆ రేడియో పెట్టుకోవడమే.

నా చూపు పోతుందని డాక్టరు చెప్పిన రోజున నేను పెద్దగా బెంబేలెత్తకపోవడానికి కారణం బాపే. ఎట్లా బతకాలో కళ్లారా చూసినదాన్ని, నాకేం ఫికర్ అనుకున్నాను. చేతికి ఆనవాలు దొరికే వస్తువులే ఒక్కొక్కటిగా లోకంలోంచి మాయమవుతాయని మాత్రం అనుకోలేదు.

కొత్త రేడియో కంపెనీ వాళ్లకు ఫోన్ చేయించుకున్నాను. అటు ఫోన్ ఎత్తిన అమ్మాయి మర్యాదగా, "స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో చెప్పండి మేడమ్," అంది.

"ఏం కనవడదు బిడ్డా, గందుకే ఫోన్ చేసిన."

 ఇంట్లో చూపున్నవాళ్లెవరికైనా ఫోన్ ఇవ్వమంది.

మరునాడు కొడుకును వెంటబెట్టుకుని దుకాణానికే వెళ్లాను. సీల్ తీసిన సామాను వాపస్ తీసుకునేది లేదన్నాడు దుకాణదారు. "మీ కొడుకో కోడలో పెడుతరు గదమ్మా, గింత దానికి పరేషాన్ ఎందుకు?" అని కూడా అన్నాడు.

"నువ్వు జర కండ్లు మూసుకో నాయనా. మూసుకొని ఆదిలాబాద్ స్టేషన్ పెట్టు, నేను మాట్లాడకుంట ఇంటికి పోత," అన్నాను.

పెద్దదాన్నని కాదనలేక మూసుకున్నాడట. కుయ్, కుయ్ అని చప్పుళ్లు వినిపించాయి, తర్వాత బుస్సుమని హోరు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"దీనికి కండ్లు గావాలె అమ్మా," అన్నాడు చివరికి.

"మరి నేను యాడికెళ్లి తేవాలె?"

ఎవరూ నవ్వలేదు. నాబులున్నది ఏదైనా ఉంటే ఇమ్మన్నాను, గసొంటియి నా దగ్గరికి వస్తలేవన్నాడు. రేడియోతోనే ఇంటికి వచ్చాం. దారిలో కొడుకు, "మంచిగనే అనుకొని తెచ్చిన కదనే," అన్నాడు చిన్నబోయి. వాడి మీద నాకు కోపం లేదు. ఆ దుకాణదారు మీద కూడా లేదు. బల్ల చుట్టూ కూర్చుని ఈ వస్తువును గీసి, ముచ్చటపడి, అమ్మకానికి పంపినవాళ్లలో ఒక్కరికైనా మావంటి వాళ్లం ఉన్నామని గుర్తుకు రాలేదే, దాని మీద నా కోపం. వాళ్లకు మా మీద పగేమీ లేదు. పగబట్టాలన్నా ముందు మనిషి గుర్తుకు రావాలి కదా.

అప్పటి రేడియోను కూడా ఎవరూ చూపు లేనివాళ్ల కోసం చెయ్యలేదు. అయినా అందులో బాపుకు చోటు దొరికింది. ఇప్పటిది ఎన్నో దేశాల స్టేషన్లు పట్టుకుంటుందట. పొద్దున డ్యూటీకి పోయేముందు కోడలు ఏదో ఒకటి పెట్టి వెళ్తుంది. అది నాకు నచ్చినా, నచ్చకపోయినా, మధ్యలో నాకు తెలియని భాషలోకి మారినా, ఆమె తిరిగి వచ్చేదాకా అదే మోగుతుంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని వింటూ ఉంటాను.