ఎల్లారెడ్డి పటేలు ఇంట్లో గొట్టాల చప్పుడు

ఎల్లారెడ్డి వెళ్ళదలచినవారు కామారెడ్డిలోనే కడుపు నింపుకొని బస్సెక్కండి. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువైంది. బస్సు వెనక కట్టిన బొగ్గు పొయ్యి రాజుకుంటేనే బండి కదులుతుంది.

నా పని గొట్టాలు బిగించడం. చదువు నాలుగో తరగతిలోనే నన్ను వదిలేసింది, నేనూ దాన్ని బతిమాలలేదు. ఎల్లారెడ్డిలో ఒక పటేలు ఇంట్లో వేడినీళ్ళ గొట్టాలు ఒకటే కొట్టుకుంటున్నాయని, వచ్చి ఆపమని ఆయన కొడుకు కబురంపాడు. సికింద్రాబాదులో తెల్లవారుజామున రైలెక్కితే కామారెడ్డిలో దిగేసరికి బాగా పొద్దెక్కింది. బస్సుకు ఆరణాలు. సగం దారిలో ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది.

"ఎప్పుడు కదులుతది అన్నా?" అని పక్కనున్న నాగిరెడ్డిపేట రైతును అడిగాను.

"అన్నం ఉడికినంక," అన్నాడు రైతు, వెనక బొగ్గు పొయ్యిని చూపిస్తూ. "నీ సంచిల గా ఇనుప సామానేంది?"

"చప్పుడు చేసే ఇండ్లను నోరు మూయిస్త."

"అయితే ముందు మా ఇంటికి రా. మా ఆమె ఉన్నది."

బస్సంతా నవ్వింది. మధ్యాహ్నం దాటాక ఎల్లారెడ్డి చేరాను.

పటేలుకు కుంపటి పొగ పడదట. పట్నంలో ఎవరి బంగళాలోనో చూసొచ్చి, వంటింటి పక్కన రాగి బాయిలరు పెట్టించి, ఇనుప గొట్టాలను గోడ వెంట తన గదిలోకి వేయించుకున్నాడు. చలికాలమంతా గది వెచ్చగా ఉంటుంది. పోయినేడు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అప్పటినుంచి ఏం కావాలన్నా మంచం పక్కనున్న గొట్టాన్ని ఉంగరంతో కొడతాడు, వంటింట్లో వినబడుతుంది. చిక్కల్లా గొట్టాలు వాటంతట అవే కొట్టుకోవడం. ఏది ఆయన పిలుపో, ఏది ఇనుము వాగుడో తెలియక ఆయన భార్య రాజవ్వ ప్రతిసారీ లేచి పోవాలి.

"అమ్మ మోకాండ్లు పోయినయ్ అన్నా," అన్నాడు కొడుకు. "టక్కుమంటే చాలు, ఉరుకుతది."

రాజవ్వ నాకు జొన్నరొట్టె వడ్డిస్తుండగానే టక్కుమంది. లేచి వెళ్ళి, దుప్పటి సర్ది వచ్చింది. "ఉత్త పైపే. ముసలాయన కన్న గీ ఇనుమే ఎక్కువ సతాయిస్తది కొడుకా." కూర్చుందో లేదో మళ్ళీ టక్. మళ్ళీ వెళ్ళింది.

మరునాడు పని పట్టాను. ఒకచోట గొట్టం కుంగి గాలి చిక్కుకుంది. వాలు సరిచేసి, పైకొసన గాలి పోయేందుకు చిన్న కుళాయి పెట్టాను. గోడ కన్నాలు వెడల్పు చేసి, గొట్టం ఒరుసుకోకుండా గొంగడి ముక్కలు చుట్టాను. ఆ తర్వాత బాయిలరు ఎంత మండినా గొట్టాలు కొత్తకోడలిలా నోరు మెదపలేదు.

"ఇగ బాపు కొడితేనే చప్పుడు, అవ్వా!" అన్నాను మీసం దువ్వుకుంటూ.

దీపాలు పెట్టేవేళ సుత్తి మరిచానని ఆ గదిలోకి వెళ్ళాను. పటేలు మేలుకొనే ఉన్నాడు. కళ్ళు తలుపు మీద, ఉంగరం వేలు గొట్టం మీద. కొట్టడం లేదు.

"అవ్వను పిలువాల్నా, బాపూ?"

తల అడ్డంగా ఊపాడు. మంచినీళ్ళకైతే కొట్టేవాడే. ఊరినంతా ఏలిన మనిషికి, ఊరికే వచ్చి కూర్చొమ్మని పిలవడం చేతకాలేదు.

వంటింట్లో రాజవ్వ చెవి ఇటే వేసి కూర్చుంది.

"ఒకసారి పోయి రారాదు అవ్వా?"

"పిలుస్తలేడు గద బిడ్డా. ఊకె పోతే కోపం జేస్తడు. ఇన్నొద్దులు పైపు చప్పుడైందని సాకు పెట్టి పోతుంటి."

"పైపులను ఎప్పటి తీరుగనే జెయ్యాల్నా మల్ల?"

"వద్దు. కొడుకు నా మోకాండ్ల కోసం జేయించిండు. ఏమనుకుంటడు?"

పొద్దున కొడుకు సంతోషంగా కూలి ఇచ్చి, బియ్యం మూట కట్టి బస్సెక్కించాడు. రాజవ్వ వాకిట్లో నిలబడి చెయ్యెత్తింది. ఎల్లారెడ్డి మంచి ఊరు, తిండికి లోటు రాదు, మీరూ వెళ్ళిరండి. రైల్లో ఒకాయన పనెట్లా అయిందని అడిగితే, మంచిగ అయింది అన్నాను. అబద్ధం కాదు. కానీ ఒక్క కన్నంలో గొంగడి ముక్క పెట్టడం మరిచిపోయి ఉంటే ఎంత బాగుండేది! ఏ ఇంటికి పోయినా ఏదో ఒకటి మరిచి వచ్చేవాణ్ణి. ఆ ఇంట్లోనే అన్నీ గుర్తుపెట్టుకొని చేశాను.