పాటలో మిగిలిన చెయ్యి

డ్రైవరు పాట మార్చగానే బస్సులో కూర్చున్న వాషింగ్ మెషీన్ల మెకానిక్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. (బస్సు డ్రైవర్ల సంగీతాభిరుచి మీద ఎవరైనా ఓ పుస్తకం రాస్తే కొనుక్కుందును, అది వేరే సంగతి.) ఆ పాట వాళ్ల బ్యాండుదే. ఒకే ఒక్క పాటతో ఊరూరా మోగిపోయి, రెండో పాటకే చతికిలబడ్డ రాక్ బ్యాండు. డ్రమ్స్ అతనివి. అందరూ అతన్ని దరువు అనేవారు.

పక్క వరసలో ఓ బట్టతలాయన కూడా స్పీకరు వైపు తలెత్తాడు. చూపులు కలిశాయి.

“ఒరే దరువూ, నువ్వేనా? ఆ పొట్టేంట్రా, డ్రమ్ము ఇంకా వెంటే తిప్పుకుంటున్నావా?”

“ముందు నీ నెత్తి చూసుకుని మాట్లాడు, బావా.”

గిటారు వాయించిన తీగ. వచ్చి పక్కనే కూలబడ్డాడు.

వీడికి తెలుసా, తెలియదా? ఇన్నేళ్లూ దరువుకు అదే అనుమానం. రికార్డింగ్ అయిన మర్నాడు స్టూడియో పెద్దాయన అతన్ని మెట్ల దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. “మిగతా వాయిద్యాలన్నీ బయటివాళ్లతో మళ్లీ వాయింపించానయ్యా. నీ దరువొక్కటే ఉంచాను. వాళ్లకి చెప్పకు, బ్యాండు ముక్కలైపోతుంది.”

బ్యాండు పోయాక ఆ మాట పట్టుకునే బతికాడు. మోటారు బేరింగులు మారుస్తూ లోపల్లోపలే మీసం మెలేసేవాడు. “ఎందుకా ముసిముసి నవ్వు?” అని పెళ్లాం అడిగినా చెప్పేవాడు కాదు. స్టేజీ మీద మాత్రం ఆ మాటే కొంప ముంచింది. తీగ ఎక్కడ తప్పుతాడోనని వాడి చేతినే చూస్తూ తను తాళం తప్పేవాడు. తీగ కూడా ఎందుకో అతని చేతినే కాపలా కాసేవాడు.

తీగ మోచేత్తో పొడిచాడు. “ఇప్పుడు చెబితే తప్పేముందిలే. నిన్ను చూస్తే పాపం అనిపించేదిరా. పెద్దాయన నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, అందరిదీ మార్చేశాను, నీ గిటారొక్కటే ఉంచాను, ఎవరితోనూ అనకు అన్నాడు.”

“మరి డ్రమ్స్?”

“ఎవడో బయటివాడు. నీకు తెలీదా?”

పెద్దాయన ఎవరికి అబద్ధం చెప్పాడు? ఇద్దరికీనా? లేక వీడే ఇప్పుడు కోతలు కోస్తున్నాడా? అయితే మెట్ల సంగతి వీడికెలా తెలిసింది? దరువు స్పీకరుకు చెవి ఒగ్గాడు. తన చెయ్యిలానే ఉంది. ఎవడి చెయ్యైనా అలాగే ఉంటుందేమో.

“పెద్దాయన ఉన్నాడా?”

“ఎప్పుడో పోయాడు. ఏంట్రా, మొహం అలా పెట్టావ్?”

బస్సు సిగ్నలు దగ్గర ఆగింది. అతను దిగాల్సిన చోటు ఇంకా రాలేదు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, తీగ మోకాళ్లు దాటుకుని దిగిపోయాడు.

“ఒరే, నంబరైనా ఇచ్చి పోరా,” అంటున్నాడు తీగ కిటికీలోంచి.

అతను తిరిగి చూడలేదు.